బొంత అంచుకు పట్టీలా, కొండలా?

రాయగడలో మా ఇంటికొచ్చి బొంత చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. కొలతల్లేకుండా చేతికొచ్చినట్టు అంచు కుట్టాలంటే గుడ్డ పట్టీలు పక్కపక్కన కుట్టడం మేలా, వంపులు కోసి కొండల ఆకారం తేవడం మేలా అని. పోయిన చలికాలం రెండూ కుట్టాను. ఒకటి విప్పుకోవాల్సి వచ్చింది.

రెండిటికీ మూలం ఒకే ప్రయాణం. ఇక్కణ్ణుంచి కోరాపుట్ రైలెక్కితే దారంతా కొండలు, మధ్యమధ్య సొరంగాలు. బోగీలో చీకటి పడగానే పిల్లలు కేకలు మొదలుపెడతారు, వెలుగొచ్చేదాకా ఆపరు.

ముందు కొండలు కుట్టాను. రెండు గుడ్డలూ మంచి వైపు పైకి ఉండేలా ఒకదాని మీద ఒకటి పరిచి, రెండూ కలిపి మెల్లగా వంపు కోయాలి. ఒకదాని పై సగాన్ని రెండోదాని కింది సగంతో జత చేసి కుడితే కొండ గీత వచ్చేస్తుంది. దూరపు కొండకు లేత నీలం, దగ్గరదానికి ముదురాకుపచ్చ పెట్టాను. చూడ్డానికి దీని అందం పట్టీలకు రాదు, ఒప్పుకోవాలి.

కానీ వంపు కోశామంటే గుడ్డ నేత దారాలకు ఏటవాలుగా, అంటే క్రాస్‌లో పడుతుంది. క్రాస్ ఎలా సాగుతుందో జాకెట్ మెడ కుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. నా బొంత పొడుగు 84 అంగుళాలు. అంచు కొంచెం కొంచెంగా సాగుతూ పోయింది, మిషన్ మీద నాకు తెలియనేలేదు. ఉతికి ఆరేశాక మా అత్తగారు చూసి, "ఏటమ్మా, వేగిన అప్పడంలా లేచిపోనాదీ అంచు?" అన్నారు.

అందుకే నా లెక్కలో తేల్చేది అందం కాదు, ఉతికాక అంచు నేలకు అంటుకుని పడుకుంటుందా లేదా అన్నదే.

పట్టీలు పడుకుంటాయి, అయితే కింద ఆధారం ఉండాలి. ఊరికే ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతే పొడుగు వైపు నలభై అతుకులు పడతాయి. ఒక్కో అతుకులో అంగుళంలో వీసమంత (పదహారో వంతు) తేడా వచ్చినా మొత్తం మీద రెండున్నర అంగుళాలు తప్పుతుంది. నేను పాత పంచెను పడుగు (నిలువు దారాల) వెంట ఏడంగుళాల వెడల్పున చింపి, దానిమీద కుట్టాను. పట్టీని పరచడం, రెండోదాన్ని దానిమీద బోర్లించి పంచెతో కలిపి పావంగుళం కుట్టడం, తిప్పి గోటితో నొక్కడం, అంతే. చివర్లో ఆరంగుళాలకు సరిచేయాలి. పంచె సాగదు కాబట్టి పట్టీలు ఏటవాలుగా పడినా భయంలేదు. చేత్తో బొంత కుట్టేటప్పుడు మాత్రం సూది కాస్త మొరాయిస్తుంది.

అంచు పొడుగు కోసం బొంతను పక్కల దగ్గర కొలవకండి, అవి అప్పటికే సాగి ఉంటాయి. నడిమధ్యన కొలిచి, అంచును అంతే కోసి, రెండు కొసలకూ మధ్యకూ పిన్నులు పెట్టి కుట్టండి.

పట్టీల మధ్య సొరంగాల్లా కనబడే నల్ల పట్టీలకు పాత నల్ల లోపలి లంగా కోశాను. రంగు పోతుందేమోనని ముందు రెండుసార్లు నీళ్లలో నానబెట్టాను. వెడల్పులకు టేపు పట్టలేదు. పిల్లల కేక ఎంతసేపు సాగిందో గుర్తు చేసుకుంటూ ఒకటి అరంగుళం, ఒకటి మూడంగుళాలు.

అతుకుపని (గుడ్డమీద గుడ్డముక్కల బొమ్మలు కుట్టడం) సంగతంటారా, ఒడిశాలోని పిపిలి ఊళ్లో ఆ పనితో చేసే చాందువా చూశాక నాకు ధైర్యం చాల్లేదు. మా రాయగడ జిల్లా చాటికోన బుధవారం సంతకు వచ్చే డోంగ్రియా కోంధ్ గిరిజన ఆడవాళ్ల శాలువాల మీద త్రికోణాలుంటాయి, అవి కొండలకు గుర్తంటారు. 2024లో వాటికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి శాలువా కొని ముక్కలు చేయడం నాకైతే మనసొప్పదు.

కొండల్ని పూర్తిగా వదల్లేదు. కాళ్లవైపు 60 అంగుళాలే కదా అని, గంజి బాగా పెట్టి, పంచె మీద కచ్చా కుట్టు వేసి అక్కడ నిలబెట్టాను. మిగతా మూడు వైపులా పట్టీలే. అన్నిటికన్నా పొడుగు సొరంగం తలవైపు మూలకు వచ్చింది. మా చిన్నాడు రోజూ ఆ మూలే పట్టుకు లాక్కుంటాడు.