ప్లగ్ వైరుకు చుట్టే ఆర్‌పీఎం మీటర్: మూడేళ్లు వాడాక

నాది పాత కార్బొరేటర్ స్ప్లెండర్. మీటర్ బోర్డులో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని తిప్పులు తిరుగుతోందో) చూపే ముల్లు ఉండదు. స్లో, అంటే ఎక్సలేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, సెట్ చేయాలంటే చెవే దిక్కు. మెకానిక్ దగ్గరికెళ్తే "సిగ్నల్లో ఆగిపోకూడదు కదన్నా" అని స్లో స్క్రూ ఇంకో అర తిప్పు బిగించి పంపేవాడు. ఫస్ట్ గేరు వేస్తే బండి ఠక్కున కుదిపేది. ఆ విసుగుతోనే నాలుగొందలు పెట్టి ఈ చిన్న డిజిటల్ మీటర్ కొన్నాను.

దీని వైరు ప్లగ్ వైరు (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు తీసుకెళ్లేది) మీద నాలుగు చుట్లు చుడితే చాలు, దేన్నీ కోయక్కర్లేదు. కానీ మొదటి రోజే స్లోలో 3,700 చూపించింది! ఫోర్ స్ట్రోక్ కదా, రెండు తిప్పులకు ఒకసారే పెట్రోల్ మండుతుంది అని 'రెండు తిప్పులకు ఒక స్పార్క్' సెట్టింగ్ పెట్టాను. కానీ స్ప్లెండర్‌లో క్రాంకు (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) తిరిగిన ప్రతిసారీ స్పార్క్ పడుతుంది, అందులో సగం ఉత్తిదే. సెట్టింగ్ మార్చాక 1,850కి దిగింది. ఉండాల్సింది 1,400, వంద అటూ ఇటూ.

పది నిమిషాలు తిప్పి ఇంజిన్ వేడెక్కాకే చెయ్యి పెడతాను. చల్లగా ఉన్నప్పుడు సెట్ చేస్తే వేడెక్కాక లేచిపోతుంది. ముందు ఎయిర్ స్క్రూ (పెట్రోల్‌తో కలిసే గాలిని సర్దేది) కొద్దికొద్దిగా తిప్పి నంబర్ ఎక్కడ ఎక్కువొస్తుందో చూసి, తర్వాత స్లో స్క్రూతో 1,400కి దించుతాను. ఎయిర్ స్క్రూ పావు తిప్పుకి వచ్చే తేడా నా చెవికి ఎప్పుడూ అందలేదు, మీటర్‌కి అందుతుంది.

దీనివల్ల అసలు లాభం వేరే చోట కలిసొచ్చింది. యూ టర్న్ తీసుకుంటుంటే బండి తనంతట తనే రేస్ అయ్యేది. నా మణికట్టుదే తప్పనుకునేవాణ్ని. సెంటర్ స్టాండ్ వేసి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్ ఎడమకి తిప్పితే 1,400 కాస్తా 1,700 అయింది. ట్యాంకు కింద కేబుల్ ఇరుక్కుని లాగుతోంది. దారి మార్చి, కాస్త వదులు ఇచ్చాను. అంతే. కార్బొరేటర్ క్లీనింగ్‌కి రెండుసార్లు పోసిన డబ్బులు మాత్రం తిరిగి రావు.

లోపాలూ ఉన్నాయి. నంబర్ సెకను ఆలస్యంగా మారుతుంది కాబట్టి స్క్రూ తిప్పి కాసేపు ఆగాలి. చుట్లు వదులైతే సున్నా చూపిస్తుంది. బ్యాటరీ లోపలే సీల్ అయి ఉంటుంది, మార్చడానికి లేదు. మూడో ఏడు వచ్చేసరికి అంకెలు వెలిసిపోయాయి. అలాంటిదే ఇంకోటి కొన్నాను. 2020 తర్వాతి ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లకి ఇది దండగ, వాటి స్లో ఈసీయూనే (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) చూసుకుంటుంది.