పాత జీపుకు ముందు డిస్కు బ్రేకులు: ఆరేళ్లు, 41 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. డిస్కులు వేస్తే జీపు ఇంకా తక్కువ దూరంలో ఆగుతుందనుకుని ఈ పని మొదలుపెట్టొద్దు. షూలు (డ్రమ్ము లోపల రాసుకునే బ్రేకు పట్టీలు) సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ములు కూడా పొడి రోడ్డు మీద చక్రాన్ని కట్టేస్తాయి. చక్రం కట్టేశాక బండిని ఆపేది టైరే. డిస్కు వల్ల వచ్చే లాభాలు వేరు. వాగులోంచి పైకొచ్చిన మరుక్షణం బ్రేకు ఉంటుంది. పెడల్ తొక్కితే స్టీరింగు ఒక పక్కకు గుంజదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాటు దిగేటప్పుడు మొదటి మలుపులో పెడల్ ఎంత లోతుకు వెళ్లిందో చివరి మలుపులోనూ అంతే వెళుతుంది. ఈ మూడూ అక్కర్లేని బండికి ఈ ఖర్చు దండగ.

బండి సీజే-3బీ రకం మహీంద్రా, 80 అంగుళాల వీల్‌బేస్, తర్వాత ఎక్కించిన డీజిల్ ఇంజను. ముందు ఇరుసు మూసి ఉండే నకిల్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు చివరి కీలు) రకం. మొదట ఉన్నవి 9 అంగుళాల డ్రమ్ములు, ఫ్లోరు కింద సింగిల్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చేది). ఇప్పుడు ముందు మారుతి జిప్సీ డిస్కు ప్లేట్లు, జిప్సీ క్యాలిపర్లు (ప్లేటును ప్యాడ్లతో రెండు పక్కలా నొక్కేవి), ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ) మీద బూస్టర్‌తో (కాలి తొక్కుడుకు వాక్యూమ్‌తో సాయం చేసేది) టాండెమ్, అంటే రెండు గదుల, మాస్టర్. వెనక పాత డ్రమ్ములే.

జిప్సీ సామాను ఎందుకంటే, జీపుకూ జిప్సీకీ అయిదు స్టడ్ల (చక్రం నట్లు బిగించే మర కడ్డీలు) వలయం ఒకటే, 139.7 మి.మీ. పైగా జిప్సీ ప్లేటు హబ్బు (చక్రం బిగించే తిరిగే భాగం) మీద ముందు నుంచి టోపీలా కూర్చుంటుంది, హబ్బు విప్పకుండానే మార్చుకోవచ్చు. ప్లేటు వ్యాసం సుమారు 290 మి.మీ., కొత్తది 10 మి.మీ. మందం, 8.5కి అరిగితే పారేయాలి. క్యాలిపర్‌లో ఒకటే పిస్టన్, 51 మి.మీ. జిప్సీకి వచ్చే 15 అంగుళాల రిమ్ములో ఇది హాయిగా తిరుగుతుంది. పాత 16 అంగుళాల సన్న రిమ్ముతో మాత్రం క్యాలిపర్ వీపుకూ రిమ్ము లోపలి గోడకూ ఎడం చూసుకోవాలి. కనీసం 4 మి.మీ. లేకపోతే చిన్న రాయి ఇరుక్కున్నా రిమ్ము గీసుకుపోతుంది.

స్టడ్ల వలయం కలిసింది కదా అని ప్లేటు నేరుగా ఎక్కదు. జీపు స్టడ్లు 1/2 అంగుళం, అంటే 12.7 మి.మీ.; జిప్సీవి 12 మి.మీ. ప్లేటు రంధ్రాలు చాలకపోతే 13కి పెంచాలి. అసలు చిక్కు అక్కడే. రంధ్రాలు పెంచాక ప్లేటును స్టడ్లు మధ్యకు తేలేవు. ప్లేటు నడిమి రంధ్రం హబ్బు మీద బిగుతుగా కూర్చుంటేనే ప్లేటు నేరుగా తిరుగుతుంది. రెండింటి కొలతా తీసుకుని లేత్ మీద ఒక రింగు చేయించాలి, 0.05 మి.మీ. కంటే ఎక్కువ వదులు ఉండకూడదు. ఈ రింగు మానేసి, నట్లు బిగిస్తే అదే సర్దుకుంటుందనే మెకానిక్ దగ్గర బండి వదలొద్దు. హబ్బు ఫ్లాంజ్ ప్లేటు టోపీలో దిగకపోతే అంచు తిప్పించాలి. అయితే స్టడ్ల బయటి అంచులు 152.4 మి.మీ. వలయం మీద ఉంటాయి, అందుకని ఫ్లాంజ్‌ను 160 కంటే కిందికి తేవొద్దు. అంతకన్నా తగ్గితే స్టడ్డు పక్కన లోహం మిగలదు.

పాత డ్రమ్ము ఊడదీయడంలో ఒక మెలిక ఉంది. కొన్ని హబ్బుల్లో స్టడ్ల మెడ దగ్గర లోహాన్ని నలగ్గొట్టి డ్రమ్మును హబ్బుకు బిగించి ఉంటారు. సుత్తితో కొట్టి తోస్తే హబ్బు రంధ్రం సాగి, కొత్త స్టడ్డు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ముందు ఆ నలిగిన అంచును డ్రిల్లుతో తినిపించి, తర్వాత ప్రెస్సులో తోయాలి. ఎడమ పక్క చక్రాల నట్లకు ఎదురు మర ఉండొచ్చు, స్టడ్డు చివర ‘L’ గుర్తు ఉందేమో చూసుకోండి. తెలియక బిగించే దిక్కుకు పొడుగు పైపు వేసి స్టడ్లు విరగ్గొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

క్యాలిపర్‌ను పట్టే బ్రాకెట్ 12 మి.మీ. మైల్డ్ స్టీలు ప్లేటులోంచి కోయించాలి. బ్యాకింగ్ ప్లేటు (డ్రమ్ము వెనకుండే రేకు) ఉన్న చోట, స్పిండిల్ (హబ్బు దీని మీదే తిరుగుతుంది) ఫ్లాంజ్ మీదే, అవే ఆరు 3/8 బోల్టులతో ఇది కూర్చుంటుంది. స్పిండిల్‌కూ నకిల్‌కూ మధ్య పెట్టారో, స్పిండిల్ బయటికి జరిగి లోపలి ఇరుసు షాఫ్టు కూర్చునే తీరు మారిపోతుంది. పలుచటి రేకు పోయి మందపాటి ప్లేటు వచ్చింది కాబట్టి బోల్టులు ఆ తేడా మేరకు పొడుగ్గా కావాలి, 8.8 గ్రేడుకు తగ్గకూడదు. 45 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి, లాక్ వాషర్ మడవాలి. హబ్బు ఎక్కించాక దాని వెనక అంచు బ్రాకెట్‌కు రాసుకుంటోందేమో చేత్తో తిప్పి చూడండి. ప్లేటు క్యాలిపర్ నోటికి సరిగ్గా మధ్యలో ఉండాలి. అర మిల్లీమీటరు తేడా షిమ్ముతో (మధ్యలో పెట్టే పలుచటి రేకు) పోతుంది, రెండు మిల్లీమీటర్లయితే బ్రాకెట్ మళ్లీ కోయించాల్సిందే.

క్యాలిపర్ ఎడమది ఎడమకే, కుడిది కుడికే. తారుమారైతే బ్లీడర్ నిపుల్ (లైన్లో గాలి బయటికి తీసేది) కిందికి వస్తుంది, గాలి పైన గదిలో ఉండిపోతుంది. లీటరు ఆయిల్ పోసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. ఈ పని చేయించిన బండ్లలో ‘మాస్టర్ పోయింది’ అని కొత్తది కొనిపించేది చాలాసార్లు ఈ పొరపాటే. నిపుల్ క్యాలిపర్‌లో అన్నిటికంటే ఎత్తున ఉండాలి.

ఇక పైపులు. జీపు పైపు 3/16 అంగుళం, నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. జిప్సీ నట్టు 10 మి.మీ., ఒక మి.మీ. మర. చూపుకు కవలలు. ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు ఎక్కుతాయి కూడా, అక్కడ్నించి స్పానర్‌తో బలవంతం చేస్తే మరలు ఊడిపోతాయి. అప్పటికి కారకపోయినా, గట్టిగా తొక్కిన రోజున కారుతుంది. ముందు వైపు మొత్తం మిల్లీమీటర్ల కొలతకు మార్చి, వెనకకు వెళ్లే పైపు దగ్గర ఒక్కచోట మాత్రం రెండు మరలున్న జాయింటు పెట్టడం మంచిది. హోస్ పొడవు నిర్ణయించేటప్పుడు చక్రం పూర్తిగా కిందికి వేలాడాలి, స్టీరింగు రెండు పక్కలా చివరిదాకా తిరగాలి. షెడ్డులో నేల మీద కొలిచిన హోస్ మొదటి గోతిలో బిగుసుకుంటుంది. బాంజో బోల్టుకు (హోస్‌ను క్యాలిపర్‌కు బిగించే బోలు బోల్టు) రెండు రాగి వాషర్లు, ప్రతిసారీ కొత్తవి.

పని మొత్తంలో సగం మాస్టర్ సిలిండర్ దగ్గరే ఉంది, జనం మర్చిపోయేదీ దాన్నే. డ్రమ్ము బండి మాస్టర్ నోట్లో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. లైన్లో దాదాపు 10 పీఎస్ఐ ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచడం దాని పని. వీల్ సిలిండర్ రబ్బర్లు గాలి పీల్చకుండా అది కాపాడుతుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి, డిస్కులో లేవు. ఆ వాల్వ్ అలాగే ఉంచితే ప్యాడ్లు ప్లేటును వదలవు. పది కిలోమీటర్లకు హబ్బు చేయి పెట్టలేనంత కాలుతుంది. ముందు లైనుకు ఆ వాల్వ్ తీసేయాలి, వెనక డ్రమ్ములకు ఉంచాలి. మాస్టర్ ఫ్లోరు కిందే ఉంచేస్తే మాత్రం ముందు లైనులో 2 పీఎస్ఐ వాల్వ్ పెట్టాలి. మాస్టర్ క్యాలిపర్ కంటే కిందికి ఉంటే ఆయిల్ వెనక్కి జారి, ఉదయాన్నే మొదటి పెడల్ ఖాళీగా దిగుతుంది. ఫైర్‌వాల్ మీదికి మార్చితే ఈ గొడవ లేదు.

టాండెమ్ మాస్టర్ తప్పనిసరి అనే నా అభిప్రాయం. సింగిల్ మాస్టర్ బండిలో ఒక్క హోస్ పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. నిజం చెప్పాలంటే ఈ మార్పులో ప్రాణం కాపాడేది డిస్కు కాదు, ఈ రెండు గదుల మాస్టరే. డ్రమ్ములే ఉంచుకుని మాస్టర్ ఒక్కటి మార్చినా అది మంచి ఖర్చే.

బూస్టర్ కావాలా? లెక్క చూద్దాం. కాలుతో 30 కిలోలు తొక్కితే, 6:1 పెడల్ దగ్గర మాస్టర్ మీద 180 కిలోలు పడతాయి. ఒక అంగుళం మాస్టర్‌లో అది చదరపు సెంటీమీటరుకు 35 కిలోల ఒత్తిడి. 51 మి.మీ. పిస్టన్ దాన్ని 720 కిలోల పైచిలుకు నొక్కుడుగా మారుస్తుంది. డ్రమ్ము షూ, చక్రం తిరిగే దిక్కుకు తనంతట తానే బిగుసుకుంటుంది, డిస్కుకు ఆ గుణం లేదు. ఆ లోటును పెద్ద పిస్టన్ పూడుస్తుంది. కాబట్టి బూస్టర్ లేకుండానూ పాత డ్రమ్ము కంటే అధ్వానంగా ఉండదు. కానీ 1,300 కిలోల బండిని గట్టిగా నిలబెట్టాలంటే కాలు 50 కిలోల పైన తొక్కాలి. ఘాటు రోడ్డులో రోజంతా అలా తొక్కడం కష్టం. 7/8 అంగుళం మాస్టర్ వేస్తే ఒత్తిడి 30 శాతం పెరుగుతుంది, పెడల్ ప్రయాణమూ అంతే పెరుగుతుంది. డీజిల్ ఇంజనులో మానిఫోల్డ్ వాక్యూమ్ దొరకదు, ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉంటేనే బూస్టర్ పనికొస్తుంది. పరీక్ష సులువు: ఇంజను ఆపి అయిదారుసార్లు తొక్కండి, పెడల్ గట్టిపడ్డాక అలాగే పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి జారాలి. జారలేదంటే పంపో, పైపో, చెక్ వాల్వో చూడాలి.

బూస్టర్ పుష్‌రాడ్‌కూ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య ఒక మి.మీ. వదులు ఉంచండి. లేకపోతే ఆయిల్ వెనక్కి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోయి, వేడికి ఆయిల్ ఉబ్బి, బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది. రోడ్డు మీద ఇలా పట్టేస్తే ముందు మాస్టర్ నట్లు రెండు చుట్లు వదలండి. చక్రం తిరిగితే తప్పు పుష్‌రాడ్‌దే. తిరగకపోతే నిపుల్ తెరవండి. అప్పుడు తిరిగితే లైన్లో ఒత్తిడి చిక్కుకుంది. అప్పటికీ తిరగకపోతే క్యాలిపర్ పిన్నులో, పిస్టనో బిగుసుకున్నాయి.

పొట్టి బండి, వెనక బరువు తక్కువ, కాబట్టి తడి రోడ్డులో వెనక చక్రాలు ముందే కట్టేసుకుని తోక తిరుగుతుంది. వెనక లైనులో తిప్పుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనకకు వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) పెట్టి, ఖాళీ మైదానంలో ముందు చక్రాలు ఒక క్షణం ముందు కట్టేదాకా తగ్గించాను. ముగ్గురు మనుషులు, సామాను ఎక్కినప్పుడు అది కాస్త తెరవాలి. హ్యాండ్‌బ్రేకుకు ఈ పనితో సంబంధం లేదు, అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము మీద ఉంది.

ఇన్నేళ్ల వాడకంలో తేలింది ఏమంటే, డిస్కు బండి వీల్ బేరింగు ఆటను క్షమించదు. డ్రమ్ము బండిలో బిగించి ఆరో వంతు చుట్టు వెనక్కి వదలడం అలవాటు. ఇక్కడ అంత ఆట ఉంటే గతుకుల్లో ప్లేటు అటూ ఇటూ ఊగి పిస్టన్లను వెనక్కి తోస్తుంది. రెండు వైపులా అర మి.మీ. చొప్పున తోస్తే 2 మి.లీ. ఆయిల్, 7/8 మాస్టర్‌కు 5 మి.మీ. స్ట్రోకు, 6:1 పెడల్ దగ్గర 30 మి.మీ. ఖాళీ. ‘రాళ్ల దారి తర్వాత మొదటి పెడల్ దిగిపోతోంది, రెండోది బాగుంది’ అంటే గాలి కాదు, బేరింగు. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్ను) వదులైనా ఇదే లక్షణం. డయల్ గేజి పెట్టి ప్లేటు ఊగుడు 0.1 మి.మీ. లోపు, బేరింగు ఆట 0.05 దగ్గర ఉంచుతున్నాను.

ప్యాడ్లు మొదటి సెట్టు 19 వేల కిలోమీటర్లకు అయిపోయాయి, రెండో సెట్టు ఇంకా ఉంది. దమ్ము చేసిన పొలాల గట్ల మీద, నల్లరేగడి బురదలో తిరిగిన నెలల్లో లోపలి ప్యాడు బయటిదాని కంటే తొందరగా అరిగింది; స్లైడ్ పిన్నుల (క్యాలిపర్ వీటి మీదే జరుగుతుంది) గ్రీజు కడుక్కుపోయి, క్యాలిపర్ జరగకపోవడమే కారణం. బురద సీజను తర్వాత పిన్నులు విప్పి, తుడిచి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు రాయాలి, పది నిమిషాల పని. చాసిస్ గ్రీజు వాడితే పిన్నుల రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి. డస్ట్ కవర్ వేయలేదు, వేస్తే గులకరాయి ఇరుక్కుని ప్లేటును గీకుతుంది.

ఆయిల్ డాట్ 4, రెండేళ్లకోసారి మొత్తం. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం దానంతట అదే తగ్గుతుంది, 8 మి.మీ. చొప్పున అరిగితే రెండు క్యాలిపర్లూ కలిపి దాదాపు 65 మి.లీ. మింగుతాయి. కారుడు లేకుండా తగ్గితే ముందు ప్యాడ్లు చూడండి, పైనించి పోసేయకండి. పోసేస్తే కొత్త ప్యాడ్లు వేసిన రోజు ఆయిల్ పొంగి పెయింటు లేచిపోతుంది.

వెనకకు కూడా డిస్కులు వేయలేదు, వేయను. బురదలో వెనక డ్రమ్ముకు ఒకసారి నీళ్లు ఎక్కినా ముందు బ్రేకు ఉంటే బండి ఆగుతుంది. కొనబోయేవాళ్లు ముందు హబ్బు, రిమ్ము కొలతలు రాసుకుని, లేత్ పని తెలిసిన టర్నర్‌ను చూసుకున్నాకే సామాను కొనండి. నకిల్ ఆయిల్ సీలు కారుతుంటే ముందు అది మార్చండి. ఆయిల్ తాగిన ప్యాడు కడిగినా తిరిగి పనికిరాదు.