హెల్సింకీలో ఐదు రోజులు: మెటల్, సావనా, పీమా

టుస్కా అంటే ఫిన్నిష్ భాషలో వేదన. "వేదన కోసం వీసా తీసుకుని మరీ వెళ్ళాలా, ఇక్కడ దొరకట్లేదా?" అంది మా అక్క. ఇంజనీరింగ్ రోజుల నుంచీ నా గదిలోంచి వచ్చే అరుపులు భరించిన మనిషి, ఆమాత్రం అనే హక్కుంది.

టుస్కా 1998లో మొదలైన మెటల్ సంగీతోత్సవం. మెటల్ అంటే గిటార్లు, డ్రమ్ములు, అరుపులతో హోరెత్తే రాక్ సంగీతం. వేసవిలో మూడు రోజులు, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నగరం మధ్యలోనే జరుగుతుంది. జర్మనీలో వాకెన్ మెటల్ ఉత్సవానికి వెళ్ళొచ్చిన ఫ్రెండ్ బురదలో టెంట్ వేసుకున్న కథలు చెప్పి భయపెట్టాడు. రాత్రికి మంచం మీద పడుకునే వీలుందని నేను దీన్ని ఎంచుకున్నాను.

ఆ మంచం దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఎయిర్‌పోర్టు నుంచి రైలు అరగంటలో సెంట్రల్ స్టేషన్‌లో దింపింది, అంతవరకు హాయి. పక్కనే ఒక హాస్టల్, పేరెందుకులెండి. దుప్పటికీ తువ్వాలుకీ వేరే డబ్బులని కౌంటర్లో చెప్పారు. బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉందట. సరే, అది నా తప్పే అనుకుందాం. కర్టెన్లు మాత్రం నా తప్పు కాదు. జూన్ చివర్లో అక్కడ సూర్యుడు రాత్రి పదకొండు కావస్తుంటే గానీ దిగడు, తెల్లవారుజామున నాలుగింటికే మళ్ళీ తయారు. చెవులకి ప్లగ్గులు తెచ్చుకున్నాను, కళ్ళకి గంతలు తెచ్చుకోలేదు. రెండు రాత్రులు చూసి కల్లియోలో చిన్న అపార్ట్‌మెంట్‌కి మారిపోయాను. ఒకప్పటి కార్మికుల వాడ, ఇప్పుడు సందుకో బార్. అద్దె దాదాపు రెట్టింపు. అయినా మీరు వెళ్తే అక్కడే దిగండి. కచేరీ అయ్యాక నడిచి ఇంటికొచ్చి అన్నం వండుకోవచ్చు.

ఉత్సవం జరిగే చోటు సువిలహ్తి. పాత కరెంటు, గ్యాసు కర్మాగారాల ఆవరణ. 2011లో కైసనియెమి పార్కు నుంచి ఇక్కడికి మార్చారు. సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రోలో నాలుగో స్టాప్, కలసతమ. ఇటుక గోడల మధ్య డ్రమ్ము మోగితే పక్కటెముకల్లో తెలుస్తుంది. నీడ మాత్రం తక్కువ, మధ్యాహ్నం తారు నేల మీద నిలబడటం కష్టం. బీరు ధర రూపాయల్లోకి మార్చి చూడకండి. మంచినీళ్ళు కుళాయివే, భేషుగ్గా ఉంటాయి. ఖాళీ డబ్బా తిరిగిస్తే 15 సెంట్లు వాపసు, అందుకే నేల మీద ఒక్క డబ్బా కనపడదు. నల్ల బట్టలు, మోచేతుల దాకా పచ్చబొట్లు, చూస్తే భయం వేసే మనుషులు టాయిలెట్ ముందు మనిషికీ మనిషికీ మీటరు దూరం పాటిస్తూ లైన్లో నిలబడ్డారు. అంతలేసి గుంపులో ఎవరూ ఎవరినీ తోసుకోకపోవడం చూసి, తిరుమల క్యూలో పెరిగిన నాకు కొంచెం వెలితిగా కూడా అనిపించింది.

ఫిన్లాండ్‌లో 56 లక్షల జనాభా, లక్ష మందికి యాభైకి పైగా మెటల్ బ్యాండ్లంటారు. ఎందుకని అడిగితే ఎవరైనా చెప్పేది చలి, చీకటి, దిగులు. చీకటి ఒక్కటే గిటార్ నేర్పదు కదా. నాకు జవాబు ఓడి లైబ్రరీలో దొరికింది. సెంట్రల్ స్టేషన్ పక్కనే, 2018లో తెరిచారు. రెండో అంతస్తులో కుట్టు మిషన్ల పక్కన సంగీతం స్టూడియోలు. గిటార్లూ డ్రమ్సూ వాళ్ళవే, ముందుగా బుక్ చేసుకుంటే చాలు, ఫీజు లేదు. నేను చూసినప్పుడు ముగ్గురు స్కూలు పిల్లలు అద్దం వెనక గొంతు చించుకుంటున్నారు. బయట ఒక ముసలాయన పేపర్ చదువుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఊరూరా ప్రభుత్వ సాయంతో నడిచే సంగీత పాఠశాలలు సరేసరి. అపోకలిప్టికా బ్యాండ్ వాళ్ళు హెల్సింకీలోని సంగీత విద్యాలయం సిబేలియస్ అకాడమీలో చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద వాయిద్యం) నేర్చుకున్న విద్యార్థులు. 1996లో అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా పాటల్ని చెల్లోల మీద వాయించి రికార్డు తెచ్చారు. అమోర్ఫిస్ బ్యాండ్ 1994లోనే తమ జానపద ఇతిహాసం కలేవల పద్యాల్ని గర్జించే గొంతుతో పాడింది. మన పల్నాటి వీరచరిత్రని ఎవరైనా అలా అందుకుంటే ఎలా ఉంటుందా అని చాలాసేపు ఆలోచించాను. 2006లో రాక్షసుల వేషం కట్టిన లోర్డి బ్యాండ్ ఆ దేశానికి యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో మొట్టమొదటి గెలుపు తెచ్చింది. డైనోసార్ వేషాలతో పిల్లలకి మెటల్ పాడే హెవిసౌరస్ కూడా ఉంది. మెటల్ వింటే ఇంట్లో తిట్లు పడతాయన్నది అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

టికెట్ దొరకకపోతే బాధపడకండి, 1970 నుంచి నడుస్తున్న తవస్తియా క్లబ్ ఉంది. చిన్న హాలు, ధ్వని శుభ్రంగా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఉత్సవం కంటే అక్కడి రాత్రే నాకు నచ్చింది.

నిరాశపరిచింది బోడోమ్ సరస్సు. పక్క ఊరు ఎస్పోలో ఉంది, అక్కడిదాకా బస్సు వెళ్తుంది. 1960లో అక్కడ టెంట్ వేసుకున్న నలుగురు టీనేజర్లలో ముగ్గురు హత్యకు గురయ్యారు. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు. చిల్డ్రన్ ఆఫ్ బోడోమ్ అనే మెటల్ బ్యాండ్ పేరు అక్కడిదే. ఆ బ్యాండ్ గిటారిస్టు అలెక్సీ లైహో 2020లో చనిపోయాడు, అందుకే వెళ్ళాను. ఒడ్డున ఈత కొట్టే పిల్లలు, ఐస్‌క్రీం. దణ్ణం పెట్టుకోడానికి ఏమీ లేదు. సగం రోజు పోయింది.

చివరి సాయంత్రం కల్లియోలోని కోతిహర్యు సావనాకి, అంటే ఆవిరి స్నానాల గదికి వెళ్ళాను. 1928 నాటిది, ఇప్పటికీ కట్టెలతోనే కాగుతుంది. మూడు రోజులు తల ఊపిన మెడకి అంతకంటే మందు లేదు. గదికొచ్చి సూపర్‌మార్కెట్లో కొన్న పీమా అన్నంలో కలుపుకున్నాను. పీమా అంటే చిక్కటి మజ్జిగే. ఉప్పేసి, వెంట తీసుకెళ్ళిన ఆవకాయ నంజుకుంటే అక్క చేతి ముద్దలాగే ఉంది. ఫొటో పంపితే, "చెవులు వినపడుతున్నాయా?" అని రిప్లై ఇచ్చింది.