బైక్ ముందు గాలి ఆపడానికి పొడవాటి విండ్‌షీల్డా, హెడ్‌లైట్ పైన పెట్టే చిన్న ఫ్లైస్క్రీనా?

ఖర్చు: చిన్నది వందల్లో వచ్చేస్తుంది, పొడవాటిది మంచి పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌లో కావాలంటే వేలల్లోకి వెళ్తుంది. యాక్రిలిక్ ప్లాస్టిక్‌కి గీతలు తక్కువే పడతాయి గానీ రాయి గట్టిగా తగిలితే పగులుతుంది, అందుకే హైవేకి నా ఓటు పాలికార్బొనేట్‌కే.

బిగింపు: చిన్నది హెడ్‌లైట్ దగ్గర రెండు మూడు బోల్టులతో అయిపోతుంది. పొడవాటిది క్లాంపులతో హ్యాండిల్‌కి కూర్చోబెట్టాలి, బోల్టు కింద రబ్బరు వాషర్ వేయాలి, బిగించాక హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి క్లచ్ కేబుల్, వైర్లు ఎక్కడా లాగట్లేదని చూడాలి. కోఠి వైపు షాపులో బిగించమన్నా ఈ తిప్పి చూసే పని మాత్రం మీరే చేయండి.

గాలి: పొడవాటిది ఛాతీ మీద ఒత్తిడి బాగా తగ్గిస్తుంది. కానీ ఎత్తు కుదరకపోతే గాలి సరిగ్గా హెల్మెట్‌కే కొట్టి తల ఊగిపోతుంది, చప్పుడు వేరే. పై అంచు మీ ముక్కు ఎత్తులో ఉంటే దాని మీదుగా రోడ్డు కనిపిస్తుంది, వానలో ఆ తేడా తెలుస్తుంది. పక్కగాలి వీస్తే హ్యాండిల్ లాగుతుంది కూడా. చిన్నదానికి ఈ తలనొప్పులేవీ లేవు, లాభమూ అంతంతే.

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లకి చిన్నది చాలు, ఎలాగూ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు ఎక్కడానికి బైకులకి పర్మిషన్ లేదు. వారాంతం శ్రీశైలమో, విజయవాడ హైవేనో పట్టేవాళ్లయితే పొడవాటిదే తీసుకోండి, ఎత్తు మార్చుకునే వీలున్నది దొరికితే మరీ మంచిది.