ఎనిమిదేళ్లు, 1,18,000 మైళ్లు: రాంచ్ పనికి ముప్పావు టన్ను పికప్ ట్రక్కు

టెక్సాస్‌లో వేకో నగరం నుంచి మార్లిన్ వెళ్లే దారిలో మాకు సొంతంగా 62 ఎకరాలు, కౌలుకు మరో 90 ఎకరాలు గడ్డిభూమి ఉంది. అందులో ముప్పై అయిదు ఆవులను, వాటి దూడలను పెంచుతున్నాము. ఇటువంటి పశువుల పొలాన్ని ఇక్కడ రాంచ్ అంటారు. 2017 అక్టోబరులో కొత్తగా కొన్న ముప్పావు టన్ను (ఇది బండి తరగతి పేరే, అది మోసే అసలు బరువు కాదు) పికప్ ట్రక్కు అప్పటి నుంచి ఈ పని అంతా మోస్తూ, లాగుతూ 1,18,000 మైళ్లు తిరిగింది. డాలస్, ఆస్టిన్ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ చుట్టుపక్కల పొలాలు కొంటున్న తెలుగువారు నన్ను కలిసినప్పుడల్లా ఏ ట్రక్కు కొనమంటారని అడుగుతున్నారు కనుక, వాడి చూసిన సంగతులను వివరంగా రాస్తున్నాను.

మా బండి కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఫోర్డ్, షెవర్లే, జీఎంసీ, రామ్ ఈ తరగతిలో అమ్మేవన్నీ పనికి వచ్చే బండ్లే. పేరు చూసి కొనేవారు ముఖ్యమైన కాగితాన్ని చూడకుండానే సంతకం పెడుతున్నారన్నదే నా బాధ. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే చోట పసుపు రంగు గుర్తుతో ఒక తెల్ల కాగితం అంటించి ఉంటుంది. మనుషులు, సరుకు కలిసి ఇన్ని పౌండ్లకు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. ఒకే మోడల్‌లో కూడా ఇంజను, క్యాబిన్, సీట్ల హంగులను బట్టి ఈ అంకె బండికీ బండికీ మారుతుంది. కాబట్టి ప్రకటనలోని అంకెను కాక, మీరు కొనబోయే ఆ ఒక్క బండి తలుపు మీది అంకెనే నమ్మాలి.

ఈ సంగతి నేను తెలుసుకున్నది ప్రమాదం అంచు దాకా వెళ్లిన తరువాతనే. అంతకు ముందు మా దగ్గర అర టన్ను తరగతి ట్రక్కు ఉండేది. అది 11,000 పౌండ్లు లాగుతుందని అమ్మినాయన చెప్పాడు, ఆ మాట అబద్ధం కాదు. 2016లో ఒక సాయంత్రం సంతలో ఆరు ఆవులను కొని, పదహారు అడుగుల ట్రైలర్‌లో ఎక్కించి, ట్రక్కు తొట్టిలో యాభై పౌండ్ల దాణా బస్తాలు పది వేసుకుని, నేనూ మా ఆవిడా హైవే 6 మీద ఇంటికి బయలుదేరాము. ఎదురుగా వచ్చే ప్రతి బండీ మాకు లైట్లు కొడుతూనే ఉంది. డిమ్ముకు మార్చినా కొడుతున్నారు. వెనక భాగం కుంగిపోవడంతో ముందు భాగం పైకి లేచి, మా హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతోందని చాలాసేపటికి గమనించాను. తరువాత పల్లం వచ్చేసరికి ట్రైలర్ కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టింది. స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది. నేను ట్రక్కు బ్రేకు తొక్కాను, ఊపు ఇంకా పెరిగింది. కాలు తీసేశాక ఎదురు మిట్ట రావడం వలన వేగం తగ్గి బయటపడ్డాము. అటువంటప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కకుండా, డాష్‌బోర్డు మీద ఉండే ట్రైలర్ బ్రేకు మీటను చేత్తో నొక్కితే ట్రైలర్ వెనక్కి లాగి పట్టి దానంతట అదే తిన్నగా వస్తుందని మరునాడు పక్క రాంచ్ పెద్దాయన చెప్పారు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఖాళీ ట్రైలర్ 3,400 పౌండ్లు, ఆవు ఒక్కింటికి 1,200 చొప్పున ఆరింటికి 7,200, మొత్తం 10,600 పౌండ్లు. లాగగల బరువు 11,000 కనుక ఆ లెక్కలో మేము తప్పు చేయలేదు. కానీ ఇటువంటి ట్రైలర్ తన బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా ట్రక్కు వెనక ట్రైలర్‌ను తగిలించే హిచ్ బంతి మీద మోపుతుంది. దీన్ని ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు. పన్నెండు శాతం వేసుకున్నా 1,272 పౌండ్లు. దానికి మా ఇద్దరి బరువు 320, దాణా 500 కలిపితే 2,092. తలుపు మీది అంకె 1,468. పైగా ఆ తరగతి బండ్లు చాలావాటికి 5,000 పౌండ్లు దాటితే బరువును ముందు చక్రాలకు కూడా పంచే ప్రత్యేక హిచ్ వాడాలని పుస్తకంలోనే రాసి ఉంటుంది. మా దగ్గర అది లేదు.

టంగ్ వెయిట్ సంగతి ఎడ్లబండి తోలినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ప్రకాశం జిల్లాలో మా నాన్నగారు పొగాకు బేళ్లు ఎక్కించేటప్పుడు నొగను చేత్తో ఎత్తి చూసేవారు. బరువు వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేచి ఎడ్ల గొంతుకు పలుపు బిగుసుకుంటుంది, ముందుకు ఎక్కువైతే కాడి మెడలను కోస్తుంది. కొంచెం ముందుకు మొగ్గి ఉండాలి, అంతే. ట్రైలర్ విషయంలోనూ ఇంతే. పది శాతం కంటే తక్కువ మోపితే ట్రైలర్ ఊగుతుంది, మరీ ఎక్కువ మోపితే ట్రక్కు వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు తప్పుతుంది. పశువులు నిలకడగా ఉండవు కనుక ఈ బరువు దారిలోనే మారుతూ ఉంటుంది. మా మందలో సగానికి పైగా బ్రాహ్మన్ సంకరాలు. మన ఒంగోలు జాతి రక్తం కూడా కలిసిన అమెరికా జాతి అది. ఎండను చక్కగా తట్టుకుంటాయి గాని ట్రైలర్‌లో బెదిరి ఒక మూలకు తోసుకుంటాయి. అందుకే మధ్యలో అడ్డు గేటు లేని ట్రైలర్ ఇప్పుడు వాడడం లేదు.

2017లో కొన్న బండి పెద్ద వీ8 పెట్రోలు ఇంజనుతో, నాలుగు తలుపులతో, నాలుగు చక్రాల డ్రైవుతో, ఎనిమిది అడుగుల తొట్టితో ఉంది. తలుపు మీది అంకె 3,412 పౌండ్లు, అంటే దాదాపు పదిహేనున్నర క్వింటాళ్లు. దానితో పాటే ఇరవై అడుగుల గూస్‌నెక్ ట్రైలర్ కొన్నాము. గూస్‌నెక్ హిచ్ బంతి ట్రక్కు వెనక బంపరు దగ్గర కాకుండా తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకు కొంచెం ముందుగా ఉంటుంది. బరువు ఇరుసు మీదే పడడం వలన ట్రైలర్ ట్రక్కును పక్కకు నెట్టే శక్తి బాగా తగ్గుతుంది. అవే ఆరు ఆవులు, 4,800 పౌండ్ల ఖాళీ ట్రైలర్‌తో కలిపి 12,000. గూస్‌నెక్ మోపే బరువు ఇరవై శాతం అనుకుంటే 2,400. మనుషులకూ సామానుకూ ఇంకా వెయ్యి పౌండ్లు మిగులుతాయి. హైవే పక్కన ట్రక్కు స్టాపులో కాటా మీద తూయించి ఈ లెక్కను నిర్ధారించుకున్నాను. పది పదిహేను డాలర్లతో అయ్యే ఆ పనిని కొత్త ట్రైలర్ కొన్న ప్రతివారూ మొదటి వారంలోనే చేయించాలి.

లాగగల బరువు అంకెలను పోల్చడానికి ఇప్పుడు ఎస్ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంఘం పెట్టిన జె2807 అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల పొడవైన ఎత్తును వేడిలో, ఏసీ వేసుకుని, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కించడం అందులో ఒక పరీక్ష. ప్రమాణం మంచిదే, కానీ ఆ పరీక్షల్లోని ట్రక్కులో ఇద్దరు మనుషులు తప్ప పెద్దగా సామాను ఉండదు. రాంచ్ ట్రక్కు తొట్టిలో కంచె స్తంభాలు, ముళ్లతీగ చుట్టలు, పనిముట్ల పెట్టె ఎప్పుడూ ఉంటాయి.

పెట్రోలా డీజిలా అన్న ప్రశ్నకు నా జవాబు మా పనిని బట్టి వచ్చింది. డీజిల్ ఇంజను బలం, పల్లంలో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగ దారిని బిగించి బండిని నెమ్మదింపజేసే ఏర్పాటు) వేగాన్ని పట్టి ఉంచే తీరు పెట్రోలుకు రావు. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే డీజిల్ ఇంజను బరువు వందల పౌండ్లు ఎక్కువ కావడం వలన అదే ముప్పావు టన్ను బండిలో తలుపు మీది అంకె అంత మేరకు పడిపోతుంది. 2007 నుంచి డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కొంతసేపు వేడిగా పరిగెత్తాలి. మా బండి వారంలో ఐదు రోజులు కంచె వెంట నడక వేగంతో తిరుగుతుంది, గడ్డి మోపులు దించుతున్నంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఇటువంటి వాడకంలో ఆ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. నెలకు రెండుసార్లు సంతకు వెళ్లే మాకు పెట్రోలు సరిపోయింది. వారానికి మూడుసార్లు 14,000 పౌండ్లు లాగి రెండు వందల మైళ్లు వెళ్లేవారు మాత్రం డీజిలే, అదీ ఒక టన్ను తరగతిలో తీసుకోవాలి. మైలేజి విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. మాకు ఖాళీగా గ్యాలనుకు పదమూడు మైళ్లు, నిండు ట్రైలర్‌తో ఎనిమిదిన్నర వస్తోంది.

వేకో చుట్టుపక్కల బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల అచ్చంగా మన నల్లరేగడి. ఎండితే చేయి పట్టేంత నెర్రెలు విడుస్తుంది, తడిస్తే టైరు గాడులన్నీ నిండి నున్నటి చక్రమైపోతుంది. ఇంత బరువైన ట్రక్కు అందులో దిగబడితే ట్రాక్టరు తేవలసిందే. నాలుగు చక్రాల డ్రైవు కన్నా వెనక ఇరుసు రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ నన్ను ఎక్కువసార్లు గట్టెక్కించింది. రెండూ తీసుకోండి. టైర్లు ‘లోడ్ రేంజ్ ఈ’ అనే, ఎక్కువ బరువు మోసే గట్టి తరగతివి అయి ఉండాలి. ఇక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, దాని ముల్లు మామూలు టైరు పక్క గోడలో దిగితే అతుకు వేయడానికి వీలుపడదు. ఎనిమిదేళ్లలో మూడు జతలు మార్చాను. అందులో ఒక టైరు బాగానే ఉన్నా ముల్లు వలన పారేయవలసి వచ్చింది.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో ఈ బండి విలువ తెలిసింది. కరెంటు పోయింది, పైపులు గడ్డకట్టాయి, పశువులు తాగే కుంట మీద గొడ్డలితో కొడితే గాని పగలనంత మంచు పేరుకుంది. తొట్టిలో 275 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు కట్టి, నీరు దొరికిన చోట నింపుకుని నాలుగు రోజులు తోలాను. ఆ నీటి బరువే సుమారు 2,290 పౌండ్లు. పక్క రాంచ్ పెద్దాయన డీజిల్ ట్రక్కులో ఇంధనం జిగురులా చిక్కబడి రెండు రోజులు కదలలేదు, ఆయన పశువులకూ మేమే నీరు పోశాము. మాది ప్రతి ఉదయం మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.

లోపాలూ ఉన్నాయి. 41,000 మైళ్ల దగ్గర, గంటకు అరవై మైళ్ల వేగంలో వంతెన అతుకు మీదుగా వెళ్లగానే స్టీరింగ్ చేతులు వణికిపోయేలా కొట్టుకుంది. సర్వీసు కేంద్రంలో రెండుసార్లు టైర్ల దోషమని తిప్పి పంపారు. మూడోసారి నేను పక్కనే నిలబడితే ముందు ఇరుసును పక్కకు జరగకుండా పట్టే ట్రాక్ బార్ అనే కడ్డీ బుష్ అరిగిందని తేలింది. దాన్నీ, స్టీరింగ్ కుదుపును అణిచే డ్యాంపరునూ మార్చాక మళ్లీ రాలేదు. 83,000 దగ్గర చలి ఉదయాల్లో ఇంజను నుంచి టిక్కు టిక్కుమని శబ్దం రావడం మొదలైంది. ఇంజను పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు రెండు తెగిపోయాయి, 1,900 డాలర్లు అయింది. ట్రైలర్ లైట్ల ఏడు పిన్నుల ప్లగ్గులో తుప్పు పచ్చగా పేరుకుని, ఒక రాత్రి ట్రైలర్ బ్రేకులు పనిచేయడం లేదని డాష్‌బోర్డు మీద హెచ్చరిక వచ్చింది. అప్పటి నుంచి మూడు నెలలకు ఒకసారి శుభ్రం చేసి గ్రీజు రాస్తున్నాను. గేర్‌బాక్స్ ఇంతవరకు విప్పలేదు. దాని నూనెను 30,000 మైళ్లకు ఒకసారి తప్పక మార్చడమే అందుకు కారణమని నా నమ్మకం.

పాత బండి కొనేవారు మైళ్లతో పాటు ఇంజను నడిచిన గంటలు కూడా చూపించమని అడగండి. మైళ్లు తక్కువ, గంటలు ఎక్కువ ఉంటే అది నిలబడి నడిచిన బండి. కింద పడుకుని హిచ్ బిగించిన చోట ఛాసిస్ పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. పది ఎకరాల్లో మేకలు పెట్టుకునేవారికి ముప్పావు టన్ను అవసరం లేదు, తలుపు మీది అంకె 1,800 దాటిన అర టన్ను బండి చాలు. దాని ప్రయాణమూ సుఖంగా ఉంటుంది, పార్కింగూ తేలిక.

మా అబ్బాయి ఇప్పుడు కొత్తది తీసుకుందాం నాన్నా అంటున్నాడు. ఇంకో నాలుగేళ్లు దీన్నే నడుపుతాను. ఆ తరువాత కొనేది కూడా పెట్రోలు ముప్పావు టన్నే అవుతుంది, కాకపోతే వెనక ఇరుసు గేరు నిష్పత్తి మా బండికున్న 3.73 కాకుండా 4.30 తీసుకుంటాను (ఆ అంకె పెద్దదైతే లాగే బలం పెరుగుతుంది). నిండు ట్రైలర్‌తో మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను పడే శ్రమను ఎనిమిదేళ్లుగా వింటున్నాను. ఖాళీగా తిరిగేటప్పుడు పోయే ఒక మైలు కన్నా ఆ మిట్ట మీద దొరికే ఊపిరే మాకు ముఖ్యం.