మకోలాలో ఇరవై సీడీలు ఎక్కడ దాచాలి? సుసు, మోమో, బ్యాంకు: ఏది మేలు?

పొద్దున తొమ్మిది దాటాక ఘనా రాజధాని అక్రాలోని మకోలా మార్కెట్‌లో ఒక మనిషి బల్ల బల్లకీ ఆగుతూ వెళ్తుంటాడు. భుజాన సంచి, చేతిలో చిన్న అట్టల కట్ట. టమాటాలమ్మే ఆవిడ ఒక చేత్తో గిరాకీ చూసుకుంటూనే నడుముకు చుట్టుకున్న గుడ్డ ముడి విప్పి ఇరవై సీడీలు (సీడీ అంటే ఘనా కరెన్సీ) తీసి ఇస్తుంది. అతను ఆవిడ అట్ట మీద ఆ రోజు గడిలో గీత గీసి, "మెదాసె, ఆంటీ" అని పక్క బల్లకు వెళ్లిపోతాడు. మెదాసె అంటే ట్వీ భాషలో థాంక్స్. అంతా కలిపి అర నిమిషం పట్టదు.

ఇతన్ని సుసు కలెక్టర్ అంటారు. అట్టలో 31 గడులుంటాయి. గడులు నిండేసరికి ఆవిడ ఇచ్చింది 620 సీడీలు, తిరిగి చేతికొచ్చేది 600. ఒక రోజు డబ్బు అతని కూలి. మన ఊళ్లలో దుకాణాల వెంట తిరిగే పిగ్మీ డిపాజిట్ ఏజెంటు గుర్తొస్తాడు కదా? అయితే పిగ్మీ ఏజెంటు వెనక బ్యాంకు ఉంటుంది. సుసు వెనక ఉండేది ఆ మనిషి, అతని మంచితనం, అంతే. పది మంది కలిసి వంతులవారీగా మొత్తం ఎత్తుకునే సుసు కూడా ఉంది. అది పాట లేని చీటీ లాంటిది. దాని సంగతి ఇక్కడ వదిలేద్దాం.

అకౌంట్స్ పని మీద అక్రాలో ఉన్న రోజుల్లో నేనీ సుసు లెక్క కాగితం మీద వేశాను. మొదటి రోజు ఇచ్చిన ఇరవై నెలంతా కలెక్టర్ దగ్గరుంటుంది, ఆఖరి రోజుది ఒక్క రోజే ఉంటుంది. అంటే సగటున మూడు వందల చిల్లర నెల పాటు దాచినందుకు ఇరవై సీడీల ఖర్చు. నూటికి నెలకు ఆరు పైచిలుకు! మన దగ్గర నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది. ఇక్కడేమో డబ్బు దాచుకున్నావిడే ఎదురు కడుతోంది. గొప్ప విషయం కనిపెట్టినట్టు ఈ లెక్క తెలిసిన ఒక ఆంటీకి చెప్పాను. ఆవిడ నవ్వేసి, "నేను బ్యాంకుకు వెళ్లొచ్చేసరికి నా టమాటాలు ఎవరమ్ముతారు?" అంది.

నా లెక్కలో ఆ పూట బేరం లేదు. బ్యాంకుకు పోవాలంటే ట్రోట్రో ఎక్కాలి (మన షేర్ ఆటోకు పెద్దన్న లాంటి వ్యాన్ అది), లైన్లో నిలబడాలి, ఫారం నింపించుకోవాలి. ఈలోగా ఎండకు సగం సరుకు మెత్తబడుతుంది. ఇరవై సీడీలు వేయడానికి అంత తతంగం ఎవరు పడతారు? పైగా ఇంట్లో ఉన్న డబ్బు నిలవదు. అన్న కొడుకు ఫీజనీ, ఊళ్లో ఎవరో పోయారు చందా అనీ అడిగితే లేదనలేరు. ఘనాలో చావు ఖర్చంటే మామూలు ఖర్చు కాదు. కలెక్టర్‌కి ఇచ్చేస్తే "నా దగ్గర లేదు" అని అబద్ధం లేకుండా చెప్పొచ్చు. నమ్మకమైన ఖాతాదారైతే నెల మధ్యలో కొంత అడ్వాన్సుగా కూడా ఇస్తాడు. ఆ సదుపాయానికి నెలకు ఇరవై సీడీలు ఎక్కువేం కాదు. అతను పారిపోనంత వరకు.

మార్కెట్ ఆడవాళ్లకు బ్యాంకంటే ఎందుకు దూరమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బ్రిటిష్ వెస్ట్ ఆఫ్రికా బ్యాంకు అక్రాలో 1896లో తలుపులు తెరిచింది. ఇప్పటి స్టాండర్డ్ చార్టర్డ్ ఘనాకు మూలం అదే. ఆ కాలంలో అక్కడి బ్యాంకులు తెల్ల వ్యాపార కంపెనీలకు అప్పులిచ్చాయి, మిగిలిన డబ్బు లండన్‌లో పెట్టాయి. స్థానిక వ్యాపారికి అప్పు దాదాపు లేదు. ఆ లోటు తీర్చడానికే స్వాతంత్ర్యానికి నాలుగేళ్ల ముందు, 1953లో, బ్యాంక్ ఆఫ్ ది గోల్డ్ కోస్ట్ పెట్టారు. 1957లో దాన్ని రెండుగా విడదీస్తే ఒకటి కేంద్ర బ్యాంకు, రెండోది ఘనా కమర్షియల్ బ్యాంకు అయ్యాయి. ఆ రెండోదే ఇవాళ్టి జీసీబీ.

ఇక మిలిటరీ రోజులు. 1979 ఆగస్టులో సైనికులు ఈ మకోలా మార్కెట్‌నే కూల్చేశారు. సరుకు దాచి ధరలు పెంచుతున్నారని ఈ ఆడవాళ్ల మీద నేరం మోపారు. 1982లో 50 సీడీల నోటు రద్దు చేశారు, బ్యాంకులో 50,000 సీడీలకు మించి ఉన్న ఖాతాలు స్తంభింపజేసి ఈ డబ్బెక్కడిదని ఆరా తీశారు. నోట్ల రద్దు చూసిన మనకు ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. బ్యాంకులో వేస్తే సర్కారు కంట్లో పడుతుంది అనే భయం తల్లి నుంచి కూతురికి బల్లతో పాటే వస్తుంది.

ఈ భయానికి, ఆ ట్రోట్రో బాధకు రెండింటికీ జవాబుగా వచ్చింది మోమో, అంటే మొబైల్ మనీ. ఎంటీఎన్ అనే ఫోన్ కంపెనీ ఘనాలో దీన్ని 2009లో మొదలుపెట్టింది. పసుపు గొడుగు కింద ఒక చిన్న పెట్టె ముందేసుకుని కూర్చునే ఏజెంటే బ్రాంచి, మామూలు బటన్ల ఫోనే పాస్‌బుక్కు. 2018 మే నుంచి ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి నేరుగా పంపుకునే వీలు కూడా కలిగింది. మన యూపీఐ చూసిన కళ్లకు ఇదేమంత అనిపించొచ్చు. కానీ యూపీఐకి ముందు బ్యాంకు ఖాతా ఉండాలి. మోమోకు అక్కర్లేదు, సిమ్ ఉంటే చాలు. ఆ ఒక్క తేడాతోనే బ్యాంకు గడప తొక్కని మనిషి కూడా లావాదేవీల్లోకి వచ్చేసింది.

మోమోకు తగిలిన దెబ్బ ఈ-లెవీ. 2022 మే 1 నుంచి రోజుకు వంద సీడీలు దాటి పంపితే ఒకటిన్నర శాతం పన్ను వేశారు. వెయ్యి పంపితే మొదటి వంద పోగా 900 మీద పదమూడున్నర సీడీలు సర్కారుకు, కంపెనీ చార్జీ దానికి అదనం. బ్యాంకు నుంచి బ్యాంకుకు ఫోన్ మీద పంపినా ఇదే పన్ను. జనం ఏం చేస్తారు? మళ్లీ నోట్ల కట్టలకు మారారు. ప్రభుత్వం ఆశించిన రాబడిలో చాలా కొద్ది భాగమే వచ్చింది. 2023లో ఒక శాతానికి తగ్గించి, 2025 ఏప్రిల్‌లో మొత్తానికే ఎత్తేశారు. చిన్న వ్యాపారి ఒక దారి వెతుక్కుంటే టోల్‌గేటు అక్కడే లేస్తుంది.

ఇంతవరకు చూస్తే సుసు, మోమోల ముందు బ్యాంకు తేలిపోయినట్టే ఉంది. అయితే మోమోలో ఉన్న డబ్బు నిజంగా ఉండేదెక్కడ? ఫోన్లో కాదు. నిబంధన ప్రకారం ఆ మొత్తాన్ని కంపెనీ కమర్షియల్ బ్యాంకుల్లో విడి ఖాతాలో పెట్టాలి, దాని మీద వచ్చే వడ్డీలో 80 శాతం వాడుకదార్లకు పంచాలి. సుసు కలెక్టర్ కూడా సాయంత్రానికి సంచిలో డబ్బు పెట్టుకుని నిద్రపోలేడు, అతనూ బ్యాంకులోనే వేస్తాడు. 2005లో బార్‌క్లేస్ బ్యాంకు అయితే ఈ కలెక్టర్లతో నేరుగా ఒప్పందాలే పెట్టుకుంది. అంటే ఆంటీ బ్యాంకుకు వెళ్లకపోయినా ఆవిడ ఇరవై సీడీలు ఎటు తిరిగి ఎటు వచ్చినా బ్యాంకు గూటికే చేరుతున్నాయి. చేరాక ఆ డబ్బు ఎవరికి అప్పుగా వెళ్తోంది? నా దృష్టిలో అసలు పోలిక ఇక్కడ మొదలవుతుంది.

ఆవిడకు మాత్రం వెళ్లదు. అక్రాలో అమ్మే టమాటాలో మంచి భాగం పైనున్న పొరుగు దేశం బుర్కినా ఫాసో నుంచి వస్తుంది. లారీ సరుకు కొనాలంటే సీడీలు కాదు, అక్కడ చెల్లే సీఎఫ్‌ఏ ఫ్రాంకులు కావాలి, అవీ ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి. వ్యాపారులు నోట్ల కట్టలు ఒంటికి చుట్టుకుని రాత్రిళ్లు ప్రయాణం చేస్తారు, దారిలో దోపిడీలు కొత్తేమీ కాదు. బ్యాంకు చేయాల్సిన పని సరిగ్గా ఇదే: పది మంది ఇరవైలు పోగేసి ఒకరికి లారీ సరుకుకు సరిపడా అప్పివ్వడం, డబ్బును సరిహద్దు దాటించడం. సుసు ఈ పని చేయలేదు. ఫోన్లో మోమో అప్పులు దొరుకుతాయి, కానీ అవి చిన్నవి, గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ. దాని వెనక ఉన్నదీ ఏదో ఒక బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో. బ్యాంకు గడప ఎక్కితే తాకట్టు అడుగుతారు. భూమి చాలావరకు తెగ పెద్దల పేరున, కుటుంబం పేరున ఉంటుంది. ఆవిడ పేరున పత్రం ఎక్కడిది? అన్నీ కుదిరినా 2023లో సగటు వడ్డీ 30 శాతం పైమాటే.

బ్యాంకు వైపు నుంచి చూసినా తప్పు పట్టడం కష్టమే. 2022 చివర్లో 91 రోజుల ట్రెజరీ బిల్లు (ప్రభుత్వం మూడు నెలలకు తీసుకునే అప్పు పత్రం) మీద ప్రభుత్వం 35 శాతం దాకా ఇచ్చింది. ఏ తిప్పలూ లేకుండా సర్కారు అంత ఇస్తుంటే టమాటా లారీకి ఎవరు అప్పిస్తారు? అందుకే ఏళ్ల తరబడి డిపాజిట్లు ప్రభుత్వ బాండ్లలోకి మళ్లాయి. 2022 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వమే చేతులెత్తేసింది. పాత బాండ్లు ఇచ్చేసి తక్కువ వడ్డీ, ఎక్కువ గడువున్న కొత్తవి తీసుకోమంది. ఆ నెల ద్రవ్యోల్బణం 54.1 శాతం. బ్యాంకులు పెద్ద నష్టాలు రాసుకున్నాయి. బాండ్లు కొన్న పెన్షనర్లు ఆర్థిక శాఖ ముందు బైఠాయించారు, మాజీ చీఫ్ జస్టిస్ సోఫియా అకుఫో కూడా వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. 2023 మేలో ఐఎంఎఫ్ మూడు వందల కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ ఏడాది చివరికి బ్యాంకులిచ్చిన అప్పుల్లో మొండి బకాయిలు 20 శాతం దాటాయి, దాంతో అప్పిచ్చే చెయ్యి ఇంకా ముడుచుకుంది.

కేంద్ర బ్యాంకుకే విసుగొచ్చినట్టుంది, 2024లో ఒక కొత్త నిబంధన తెచ్చింది. డిపాజిట్లలో 55 శాతానికి మించి అప్పులిచ్చే బ్యాంకు 15 శాతం కేంద్ర బ్యాంకు దగ్గర నగదు నిల్వగా పెడితే చాలంది, 40 శాతం కూడా ఇవ్వని బ్యాంకు 25 శాతం పెట్టాలంది. అప్పులివ్వకపోతే జరిమానా అన్నమాట! కోప్పడితే అప్పులు పుడతాయా అన్నది నా అనుమానం. ఆ ఒత్తిడిలో పుట్టే అప్పు పెద్ద దిగుమతి కంపెనీకి వెళ్తుంది గానీ బల్ల దాకా రాదు.

పల్లెల్లో ఉన్నవాళ్లకు రూరల్ బ్యాంకుంది. మొదటిది 1976లో సెంట్రల్ రీజియన్‌లోని అగోనా న్యాక్రోమ్‌లో పెట్టారు, ఊరివాళ్లే వాటాదారులు. కోకో రైతుకు, టీచరుకు నేను దీన్నే చెప్తాను. మేనేజరుకి మనిషి తెలుసు, పొలం తెలుసు. కాకపోతే బలం తక్కువ: కమర్షియల్ బ్యాంకుతో పోలిస్తే దీని కనీస మూలధనం చాలా చిన్నది.

మైక్రోఫైనాన్స్ కంపెనీల జోలికి మాత్రం పోవద్దనే అంటాను, బోర్డు మీద ఎంత వడ్డీ రాసినా సరే. 2019 మే ఆఖరి రోజున కేంద్ర బ్యాంకు ఒక్క దెబ్బకు 347 మైక్రోఫైనాన్స్ కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది. అంతకుముందు 2017లో యూటీ, క్యాపిటల్ బ్యాంకులు మూతపడ్డాయి, 2018 ఆగస్టులో మరో ఐదింటిని కలిపి కన్సాలిడేటెడ్ బ్యాంక్ ఘనా అని పెట్టారు. ఆ ఊడ్చివేతలో బ్యాంకులు 34 నుంచి 23కి తగ్గాయి. కానీ ఒక తేడా గమనించండి. బ్యాంకులు పోయినప్పుడు డిపాజిట్లు ఇంకో బ్యాంకుకు మారాయి, బోర్డు మారింది గానీ డబ్బు ఉంది. చిన్న కంపెనీల ఖాతాదార్లు కాగితాలు పట్టుకుని నెలల తరబడి తిరిగారు. 2019లో వచ్చిన డిపాజిట్ బీమాలోనూ ఆ తేడా ఉంది: బ్యాంకులో వేస్తే 6,250 సీడీల దాకా భరోసా, రూరల్ బ్యాంకుతో సహా చిన్న సంస్థల్లో అయితే 1,250 దాకా. సుసు అట్టకు ఏ బీమా లేదు.

కాబట్టి ఆ ఆంటీ ఇవాళ అడిగితే నేను చెప్పేది ఇది. రోజువారీ ఇరవై సుసుకే ఇవ్వు, అయితే ఒక్క కలెక్టర్ దగ్గర నెలకు మించి ఉంచకు, గడులు నిండిన రోజే 600 తీసేసుకో. అందులో వారానికి తిరిగే డబ్బు మోమోలో పెట్టు. మిగిలింది, ఎంత తక్కువైనా, నీ పేరున బ్యాంకు ఖాతాలో వేసుకో. వడ్డీ కోసం కాదు. పొదుపు ఖాతా వడ్డీ అక్కడ ఎన్నో ఏళ్లు ద్రవ్యోల్బణం ముందు ఏ మూలకీ చాలలేదు. మూడు నెలలు ముట్టుకోనక్కర్లేని డబ్బుంటే అదే బ్యాంకులో 91 రోజుల బిల్లు కొను. 2022 బాండ్ల మార్పిడిలో ట్రెజరీ బిల్లుల జోలికి పోలేదు. బ్యాంకు ఖాతా దేనికంటే, రెండేళ్ల తర్వాత లారీ సరుకుకు అప్పు కావాల్సినప్పుడు చూపించడానికి నీ దగ్గర ఒక స్టేట్‌మెంట్ ఉండాలి. ఇరవై ఏళ్లు రోజూ తప్పకుండా సుసు కట్టిన ఆడమనిషి దగ్గర ఇప్పుడు చూపించడానికి ఉన్నది 31 గడుల అట్ట ఒక్కటే, అదీ నెల తిరిగేసరికి కొత్తది వస్తుంది.

ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. స్టేట్‌మెంట్ సరే, ఆ పూట బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు అంటుంది. ఈ ప్రశ్నకు 1896 నుంచి ఇప్పటిదాకా ఏ బ్యాంకూ సరిగా జవాబు చెప్పలేదు. కలెక్టర్ మాత్రం రేపు తొమ్మిదింటికి వస్తాడు.