జంగు పట్టిన సైలెన్సర్: అతుకు మేలా, ఇంట్లో మార్చుకోవడం మేలా, షెడ్డు మేలా?

సముద్రపు ఉప్పుగాలి మన దిక్కు రాదు, వానలూ అంతంతమాత్రమే. అయినా నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పదేళ్లు దాటిన కారు కిందికి వంగి చూస్తే, సైలెన్సర్ డబ్బా అంచుల వెంట జంగు పెచ్చులు లేచి కనిపిస్తాయి. ఈ జంగు చాలావరకు బయటి నుంచి కాక లోపలి నుంచి వస్తుందని గ్రహిస్తే, అతుకు వేయించాలా, ఇంట్లోనే మార్చుకోవాలా, షెడ్డుకు అప్పగించాలా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో పైపులన్నీ కాగి ఆ నీరు ఆవిరిగానే బయటికి పోతుంది. కాని ఇంటి నుంచి గడియారం సెంటర్ దాకా వెళ్లి, కూరగాయలు కొని, మళ్లీ ఇంటి ముందు నిలబెట్టే కారులో ఆ ఆవిరి చల్లబడి, ఇంజనుకు అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే చల్లగా ఉండే వెనక డబ్బాలో నీరై నిలుస్తుంది. పొగలోని ఆమ్లాలు ఆ నీటిలో కలిసి రేకును లోపలి నుంచి తింటాయి. బయటికి చిల్లు కనబడే నాటికి దాని చుట్టూ ఉన్న రేకు కాగితమంత పలుచబడి ఉంటుంది.

అందుకే డబ్బాకు చిల్లు పడినప్పుడు అతుకు వేయించడం నాకు సమ్మతం కాదు. వెల్డింగ్ వేడికి పలుచటి రేకు కరిగి చిల్లు పెద్దదవుతుంది, అతుకు నిలిచినా కొద్ది నెలల్లో దాని పక్కనే మరో చిల్లు పడుతుంది. డబ్బాను చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా మోగి లోపలి నుంచి జంగు రాలుతుంది. అయితే అతుకును పూర్తిగా కొట్టిపారేయలేము. గతుకుల బాటలో రాయి తగిలి పైపు పగిలినా, రబ్బరుకు వేలాడే కొక్కెం విరిగినా, మిగతా లోహం గట్టిగా ఉంటే మంచి వెల్డింగ్ పనివాడి అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ పని కూడా పైపును కారు నుంచి విప్పి చేయించాలి. పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వలు ఎగరడం ఎవరికీ క్షేమం కాదు. విప్పడం కుదరక కారుకే వెల్డింగ్ చేయవలసి వస్తే బ్యాటరీ తీగను ముందుగా ఊడదీయమని చెప్పాలి. అతుకు కోసం జింకు పూత ఉన్న నీళ్ల పైపు ముక్కను వాడబోతే అడ్డుచెప్పండి, ఎందుకంటే ఆ పూత కాలిన పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది. ఇక పైపుకు చుట్టే పట్టీలు, పూసే పేస్టులు ఇల్లు చేరడానికి మాత్రమే పనికివస్తాయి.

ఇంట్లో మార్చుకోవడానికి అనువైనది కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) తరువాతి భాగం, అంటే మధ్య పైపు, వెనక డబ్బా. ఈ పనిలో కష్టమంతా పాతదాన్ని విప్పడంలోనే ఉంది. ముందురోజు సాయంత్రమే ఫ్లాంజ్ (రెండు పైపులు కలిసే అంచు) బోల్టులను తీగల బ్రష్‌తో గీకి, జంగు వదిలించే నూనె కొట్టి, తెల్లవారి ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. మూలలు అరిగిన బోల్టుకు నోరు తెరిచి ఉండే మామూలు పానా జారిపోతుంది, ఆరు ముఖాల సాకెట్ అయితే పట్టు చిక్కుతుంది. ఎండాకాలమైతే పొద్దున ఎనిమిది గంటలలోపే ముగించేలా చూసుకోవాలి, ఆ తరువాత మన ఎండలో కారు కింద పడుకోవడం కుదిరే పని కాదు.

కారు కిందికి వెళ్లేముందు చేయవలసిన దాన్ని మాత్రం ఎవరూ తేలికగా తీసుకోకూడదు. జాకీ కారును లేపడానికే తప్ప మోయడానికి కాదు. గట్టి కాంక్రీటు నేల మీద, కంపెనీ చూపిన చోట స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు వేసి, కారును చేత్తో ఊపి చూసి కదలదని నమ్మకం కుదిరాకే కిందికి దూరాలి. ఇటుకలు పేర్చి వాటి మీద కారు నిలబెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది కాని, ఇటుక ముందుగా చెప్పి పగలదు. సమతలమైన నేలా, రెండు స్టాండ్లూ లేని ఇంట్లో ఈ పని తలపెట్టకపోవడమే మంచిది.

రబ్బరు పట్టీలను సబ్బునీళ్లతో తడిపితే సులువుగా జారివస్తాయి. నూనె పూస్తే రబ్బరు పాడవుతుంది. కొత్త సైలెన్సర్‌కు పాత గ్యాస్కెట్ (అతుకు దగ్గర సందు మూసే పట్టీ), పాత బోల్టులు వాడి మిగుల్చుకునేది ఏమీ ఉండదు. అన్ని భాగాలనూ ముందు వదులుగా వేలాడదీసి, పైపు ఎక్కడా బాడీకి, బ్రేకు పైపులకు, బంపరుకు తగలకుండా సరిచేసిన తరువాతే ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కొక్క బోల్టు బిగిస్తూ రావాలి. నేను మొదటిసారి వెనక నుంచి బిగిస్తూ వచ్చి, మధ్య పైపు వెనక ఇరుసుకు తగిలి టకటకమంటుంటే అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను.

కొనేటప్పుడు కంపెనీ వస్తువుకూ స్థానికంగా తయారైన డబ్బాకూ ధరలో తేడా బాగానే ఉంటుంది. మామూలు ఇనుప రేకు డబ్బా చవకే కాని, చిన్న దూరాలు తిరిగే కారులో అది త్వరగా పోతుంది. అల్యూమినియం పూత రేకు గాని, 409 రకం స్టెయిన్‌లెస్ గాని ఎక్కువ కాలం నిలుస్తుంది. అయస్కాంతం అంటుకుంది కనుక ఇది స్టెయిన్‌లెస్ కాదని దుకాణదారుతో వాదించకండి, 409 రకానికి అయస్కాంతం అంటుతుంది.

కన్వర్టర్, దాని ముందు పైపు, ఇంజనుకు అంటిపెట్టుకున్న మ్యానిఫోల్డ్ భాగాలు షెడ్డు పనే. అక్కడి స్టడ్లు (తల లేని బోల్టులు) ఏళ్ల తరబడి కాగి కాగి పట్టేసి ఉంటాయి, ఒక్కటి విరిగినా డ్రిల్లు పట్టి తీయవలసి వస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ తీగ తెగితే ఇంజను కంప్యూటర్‌కు సరైన కొలత అందదు, సెన్సార్‌కు ముందు సందు మిగిలితే బయటి గాలి లోపలికి చేరి, ఇంధనం చాలడం లేదని కంప్యూటర్ పొరపడి ఎక్కువ పెట్రోలు పోస్తుంది. షెడ్డులో ఎవరైనా కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు పెడతామంటే ఒప్పుకోవద్దు. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉండే ఆ వస్తువు వారికే ఎక్కువ లాభం. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద పొగ, శబ్ద పరిమితులు మీరిన బండికి 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఎవరు బిగించినా సందులు లేవని చూసుకునే పని మీరే చేయండి. ఆరుబయట, చల్లటి ఇంజనును స్టార్ట్ చేయించి, వెనక పైపు మూతికి మందపాటి తడిగుడ్డ క్షణకాలం అడ్డంపెడితే, సందు ఉన్నచోట బుసబుసమని వినిపిస్తుంది. వేసవిలో అద్దాలు ఎత్తి ఏసీ వేసుకొని తిరుగుతాము కనుక ఈ పరీక్ష మానరాదు. కారు కింద లీకైన కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, మగత వచ్చినా మనం ఎండదెబ్బ అనుకుంటాము. మొదటి ప్రయాణంలో కొంచెం పొగా నూనె వాసనా వస్తే భయపడనక్కరలేదు, కొత్త డబ్బా మీది నూనె కాలిపోయే వాసన అది. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ దాకా ఒకసారి వెళ్లివస్తే అదీ పోతుంది, డబ్బాలోని తడీ ఆరుతుంది. తిరిగి వచ్చి చల్లబడ్డాక బోల్టులన్నిటినీ మరొకసారి పానాతో పట్టి చూడండి, వేడికి అణిగిన గ్యాస్కెట్ వల్ల ఒకటి రెండు ఇంకొంచెం తిరగవచ్చు.